సుప్తావస్థ

మా ఆయనకు స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయి. ఇంట్లో బల్బు మార్చాలంటే నేనే ఎక్కాలి. అలాంటి మనిషి అమెరికా వచ్చి చెట్లెక్కే వ్యాపారం పెట్టారంటే నా పెళ్ళి ఎలాంటి మనిషితో అయిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

పేరు దామోదర్. బాపట్లలో వ్యవసాయశాస్త్రం చదివారు. నేను న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి లాబ్‌లో పనిచేస్తుంటే, ఆయన నర్సరీలో కౌంటర్ వెనక నిలబడి పూలకుండీలు అమ్మేవారు. ఎడిసన్‌లో ఒక ముసలాయన రిటైరవుతూ తన చెట్ల వ్యాపారం అమ్మకానికి పెట్టాడని తెలిసి, నన్నడిగి మరీ కొన్నారు. కాకపోతే కొన్నాక అడిగారు. ఒక పాత ట్రక్కు, తాళ్ళు, రంపాలు, కొమ్మల్ని నమిలి పొట్టు చేసే మెషిను మా వాకిట్లోకి వచ్చాయి. వాటితోపాటు లెస్టర్ కూడా వచ్చాడు.

లెస్టర్ చెట్టెక్కే మనిషి. ఆరడుగులు దాటిన ఒడ్డూ పొడుగూ, ఎర్ర గడ్డం, మాట్లాడితే నోరు అరిగిపోతుందేమో అన్నంత పొదుపు. దామోదర్ అనే పేరు అతని నోటికి పట్టక మా ఆయన్ని 'డామ్' అని పిలిచేవాడు. మొదటిసారి విన్నప్పుడు తిడుతున్నాడనుకొని, గరిట పట్టుకొని దెబ్బలాటకు వెళ్ళాను. మా ఆయన కింద నిలబడి, ఏ కొమ్మకు తెగులుందో, ఏది ఇంటి మీద పడేలా ఉందో చూసి చెప్పేవారు. లెస్టర్ నడుముకు తాడు కట్టుకొని పైకి పోయి ఆ పని చేసుకొచ్చేవాడు. లెస్టరే లేకపోతే మా వ్యాపారమంతా కింద నిలబడి పైకి చూడటమే.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఫోను మోగుతూనే ఉండేది. ఆకు రాలడం మొదలయ్యేసరికి దానికీ చలి పట్టుకొనేది. "ఆకులే లేవు కదా, ఇప్పుడు చెట్టుకేం చేస్తారు, స్ప్రింగ్‌లో రండి" అనేవాళ్ళు ఇక్కడి జనం. నిజానికి కొమ్మలు కత్తిరించడానికి చలికాలమే మంచిదట. ఆకులు అడ్డం ఉండవు కనక చెట్టు ఎముకలన్నీ కనిపిస్తాయి. పురుగూ తెగులూ తిరగవు. వసంతం రాగానే గాయం మానిపోతుంది. మా ఆయన ఈ సంగతి అందరి చెవుల్లోనూ ఇల్లు కట్టుకొని పోరినా వినేవాళ్ళు లేరు. మొదటి రెండు చలికాలాలూ దుకాణాల ముందు మంచు ఎత్తిపోసి ఎలాగో నెట్టుకొచ్చాం. ఎనభై రెండులో ఆ పని కూడా వేరేవాళ్ళు తన్నుకుపోయారు.

నవంబరులో ఒక సాయంత్రం లెస్టర్ మా వంటింట్లో టోపీ తీసి కూర్చున్నాడు. అతను టోపీ తీశాడంటే పెద్ద విషయమేనని నాకు తెలుసు.

"డామ్, సౌత్ కరోలైనాలో మా అక్క వాళ్ళాయనకి ట్రీ కంపెనీ ఉంది. అక్కడ వింటర్‌లో కూడా వర్క్ ఆగదు. మార్చి దాకా ఇక్కడ వర్క్ చూపించగలిగితే ఉంటాను. లేకపోతే ఈ నెలాఖర్న థాంక్స్‌గివింగ్ పండగ అవగానే వెళ్తాను. వెళితే మళ్ళీ వస్తానని ప్రామిస్ చెయ్యలేను."

మా ఆయన తలూపారు. లెస్టర్ వెళ్ళాక చాలాసేపు చేతిలో కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు. రోజూ జుట్టులో రంపంపొట్టుతో ఇంటికొచ్చి, ఫలానా చెట్టు బతికిందని ఊరంతా గెలిచినట్టు చెప్పే మనిషి, మళ్ళీ ఆ కౌంటర్ వెనక నిలబడాల్సి వస్తుంది. ఈ పిచ్చి వ్యాపారమంటే నాకు అంత ఇష్టమని అప్పటిదాకా నాకే తెలియదు.

"ఏమండీ, మనవాళ్ళని అడగండి. ఇప్పుడు అందరూ ఇళ్ళు కొనుక్కొంటున్నారు, ప్రతి పెరట్లోనూ చెట్లున్నాయి" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. తర్వాత జరిగింది మాత్రం పూర్తిగా ఆయన ప్రతిభ.

అప్పటికి ఐసెలిన్‌లో ఇప్పుడున్నన్ని మన కొట్లు లేవు. తెలుగువాళ్ళంతా కలవాలంటే ఎవరింట్లోనైనా భోజనాలు ఉండాలి, లేదా దీపావళికి ఒక హైస్కూల్ హాలు అద్దెకు తీసుకోవాలి. ఆ ఏడు దీపావళి సభకు అందరూ వచ్చారు. ముందు వరసలో పెద్దవాళ్ళు కూర్చున్నారు. ఆ చలికాలం ఎవరింట చూసినా ఇండియా నుంచి వచ్చిన ఒక తల్లో అత్తగారో ఉన్నారు. పట్టుచీరల మీద కొడుకుల స్వెటర్లు వేసుకొని, కాళ్ళు పైకి ముడుచుకొని కుర్చీల్లో సర్దుకొన్నారు. పాటలయ్యాక మా ఆయనకు మైకు ఇచ్చారు. తెలుగువాళ్ళ ముందు తెలుగులోనే మాట్లాడతానని ఆయన ముందునుంచే పంతం పట్టారు.

"చలికాలంలో చెట్లు గాఢనిద్రలో ఉంటాయి. అవి అలా ఆదమరిచి నిద్రపోతున్నప్పుడు మేం వచ్చి వాటి కొమ్మలు నరుకుతాం!" అని ప్రకటించి, చప్పట్ల కోసం ఆగారు.

చప్పట్లు రాలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ "శివశివా" అని చెవులు మూసుకొంది. పొద్దుగూకాక తులసాకు కూడా తుంచని చేతులవి. చెట్టు నిద్రపోతుంది, ముట్టుకోకూడదని పిల్లల్ని అదిలించి పెంచిన ఆడవాళ్ళు. వాళ్ళ ముందు నిలబడి ఈయన నిద్రపోతున్నవాటిని నరుకుతానంటున్నారు, అదీ నవ్వుతూ.

కారులో నేను ఊరుకోలేదు. "కత్తిరిస్తాం అనొచ్చుగా? నరుకుతాం ఏమిటండీ, ఫ్యాక్షన్ గొడవా?"

"డార్మెంట్ అంటే నిద్రే కదా సుమతీ. పుస్తకంలో సుప్తావస్థ అని ఉంటుంది. ఎవరికీ అర్థం కాదేమోనని సింపుల్‌గా చెప్పాను."

"అర్థం కాకపోతేనే బాగుండేది. సుప్తావస్థ అని ఉంటే ఏదో గొప్ప వైద్యమనుకొని అందరూ పని ఇచ్చేవారు!"

ఆ వారమంతా ఫోన్లు వచ్చాయి. సభకు ముందు మా ఆయన అడిగితే సరేనన్నవాళ్ళే చేశారు. రాజ్ అనే ఇంజనీరు, "మా మదర్ కాస్త సెంటిమెంట్ ఫీలవుతున్నారండీ, స్ప్రింగ్‌లో చూద్దాం" అన్నాడు. ఇంకొకాయన తన అత్తగారు అన్నం మానేస్తానన్నారని చెప్పాడు. అమెరికా వాళ్ళు ఆకులు లేవని స్ప్రింగ్‌లో రమ్మంటే, మనవాళ్ళు పాపం తగులుతుందని స్ప్రింగ్‌లో రమ్మన్నారు. థాంక్స్‌గివింగ్ వచ్చింది, వెళ్ళింది. లెస్టర్ తన సామాను సర్దుకొని సోమవారం బయలుదేరతానన్నాడు.

శనివారం మధ్యాహ్నం శ్యామ్‌సుందర్ నుంచి ఫోను వచ్చింది. ఆయన డాక్టరు, ఐసెలిన్‌లో ఇల్లు. పెరట్లో ఓక్ చెట్టు కొమ్మ ఒకటి, మన ఊళ్ళో చెట్టంత ఉంటుంది, సరిగ్గా పడగ్గది కప్పు మీదికి వాలి ఉంది. దాని మీద మంచు గడ్డకడితే ఏమవుతుందోనని ఆయన భయం. "మా అమ్మగారు ససేమిరా అంటున్నారు. మీరే వచ్చి కన్విన్స్ చెయ్యండి" అన్నాడు.

నేనూ వెళ్ళాను. ఈయన్ని ఒంటరిగా మాట్లాడనిచ్చే ధైర్యం నాకు లేదు.

శ్యామ్‌సుందర్ తల్లి గౌరమ్మగారు హీటరు పక్కన దుప్పటి మీద కాళ్ళు చాపుకొని కూర్చున్నారు. సభలో చెవులు మూసుకొన్నావిడ ఈవిడే. ఆవిడ ఒళ్ళో నెలల మనవరాలు నోరు తెరుచుకొని నిద్రపోతోంది. కోడలు రేణు మాకు కాఫీ ఇచ్చి, నా వంక చూసి కళ్ళతోనే దణ్ణం పెట్టింది. ఆ కొమ్మ కింద పడుకొనేది వాళ్ళే మరి.

"రా నాయనా. నువ్వేగా ఆ చెట్లు నరికే అబ్బాయివి?" అన్నారు గౌరమ్మగారు.

మా ఆయన మొదలుపెట్టారు. కణాలన్నారు, రసప్రసరణ అన్నారు, పిండిపదార్థం వేళ్ళలో దాక్కొంటుందన్నారు. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"అంతా బావుంది నాయనా. పడుకొన్నదాని మీద చెయ్యి చేసుకోవడం తప్పు కాదూ? లేచాక, దానికి తెలిసేట్టు చేసుకోండి."

"లేచాక చేస్తే నొప్పి ఎక్కువండీ" అన్నారాయన, అలవాటుగా నోరు జారి.

"చూశావా, నొప్పి ఉందని నువ్వే అంటున్నావు!"

ఇక అయిపోయిందనుకొన్నాను. లెస్టర్ సోమవారం పోతాడు. ఈయన మళ్ళీ పూలకుండీలు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఏడుపు వస్తే నాకు ముందు కోపమొస్తుంది. ఆవిడ మాట్లాడుతూనే చేతిలో ఏదో పని చేసుకొంటున్నారు, టిక్కు టిక్కుమని చప్పుడవుతోంది. అంత బాధలోనూ ఆ చప్పుడు నన్ను విసిగించింది. ఏమిటా అని చూస్తే, చిన్న నెయిల్ కట్టర్‌తో మనవరాలి వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకొని గోళ్ళు తీస్తున్నారు.

"పిన్నిగారూ, పసిపిల్ల హాయిగా నిద్రపోతోంది కదా, ఇప్పుడు గోళ్ళు తియ్యకపోతేనేం? లేచాక తియ్యొచ్చుగా?" అన్నాను కాస్త పెడసరంగానే. నిజం చెబుతున్నాను, తెలివిగా అన్న మాట కాదది, ఒట్టి కోపం.

"భలేదానివే. లేచాక తియ్యనిస్తుందా ఇది? కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది, ఎక్కడ వేలు తెగుతుందో అని హడలు. పడుకొన్నప్పుడైతే దానికి తెలియనే తెలియదు. మీ అమ్మ నీకు తీసింది ఎప్పుడనుకొన్నావ్? నేను నలుగురు పిల్లలకీ..."

ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది. కట్టర్ కూడా ఆగింది. మా ఆయన ఏదో అనబోతే కాలు తొక్కాను.

గౌరమ్మగారు మనవరాలి మొహం చూశారు. కిటికీలోంచి ఆ మోడు చెట్టును చూశారు. తర్వాత నవ్వు మొదలైంది. పిల్ల లేస్తుందేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

"ఈ ముక్క ఆ రోజు మైకులో చెప్పొచ్చుగా నాయనా! నరుకుతాం అని బెదరగొట్టకపోతే! సరే, చేసుకోండి. ఒకటే మాట. ఆ బర్రుమని కోసే మెషిను మాత్రం తేవద్దు. పడుకొన్నదాని పక్కన అంత రొద ఏమిటి? నెమ్మదిగా, చేత్తో చెయ్యండి."

చెయిన్‌సా అనే ఆ మెషిను రంపం లేకుండా అంత కొమ్మను తియ్యమంటే లెస్టర్ ఏమంటాడోనని దారంతా మాకు భయం. నేనే వివరించాను. చెట్టు నిద్రపోతోంది, పెద్దావిడ లేపొద్దంటున్నారు అని. అతను గడ్డం గోక్కొన్నాడు. ట్రక్కులోంచి చేతిరంపం తీసి పదును పెట్టుకొన్నాడు.

ఆదివారం పొద్దున లెస్టర్ ఆ ఓక్ ఎక్కాడు. చేతిరంపంతో ముక్క ముక్కగా కోసి, ఒక్కొక్కటీ తాడుకు కట్టి, గడ్డి మీద చప్పుడు కాకుండా దించాడు. ఎప్పుడూ పైనుంచి కేకలేసే మనిషి ఆ రోజు మా ఆయనకు చేతులతో సైగలు చేశాడు. మా ఆయన కూడా కింద గుసగుసలాడారు. గౌరమ్మగారు కొడుకు ఓవర్‌కోటు వేసుకొని, సాక్సుల మీద చెప్పులతో పెరట్లో నిలబడి, కొమ్మ కిందికి వచ్చినప్పుడల్లా "మెల్లిగా నాయనా, మెల్లిగా" అన్నారు. అతనికి తెలుగు రాకపోయినా ప్రతిసారీ "యెస్ మేమ్" అన్నాడు, అదీ గొంతు తగ్గించి.

పనయ్యాక అతను దిగి వచ్చి ఆవిడ ముందు టోపీ తీశాడు. ఆవిడ అతన్ని కిందినుంచి పైకి చూసి, "లేచిందేమో అడుగమ్మాయ్" అన్నారు నాతో.

నేను అడిగాను. లెస్టర్ నవ్వలేదు. చెట్టు దగ్గరికి వెనక్కి వెళ్ళి, మాను మీద చెవి ఆనించి, కాసేపు అలాగే నిలబడి తిరిగి వచ్చాడు.

"నో మేమ్. లేవలేదు."

గౌరమ్మగారు ఆ మధ్యాహ్నం అతనికి తన చేత్తో అన్నం వడ్డించారు. అతను పప్పన్నం చెంచాతో తింటుండగానే ఆవిడ ఫోను దగ్గరికి వెళ్ళి, రాజ్ వాళ్ళమ్మకు చేశారు. తర్వాత అన్నం మానేస్తానన్న అత్తగారికి చేశారు. "గోళ్ళు తీసినట్టే వదినా, అంతే. పిల్లాడు బంగారం, చీమ చప్పుడు కూడా చెయ్యడు" అంటున్నారు. మా ఆయన డిగ్రీ పనికిరాని చోట ఆవిడ ఫోను పనిచేసింది. చీకటిపడే వేళకు నలుగురు మాకు ఫోను చేసి, ఎప్పుడొస్తారని అడిగారు. అందరూ ఒకటే షరతు పెట్టారు, మెషిను వద్దని.

అది మార్చి దాకా సరిపోతుందో లేదో మాకు తెలియదు. చేతిరంపంతో చలిలో పని, కరోలైనాలో కంటే రెట్టింపు కష్టం. ఆ రాత్రి మా ఇంట్లో ఆ మాట దాచకుండా మా ఆయన లెస్టర్‌తో చెప్పేశారు. "నిన్ను ఆపలేను లెస్టర్. ఉంటే మాత్రం నాకు చాలా సంతోషం" అన్నారు. ఆయన గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు.

లెస్టర్ లేచి మా వంటింటి గోడ ఫోను తీశాడు. నేను స్టవ్ దగ్గర తిరిగి నిలబడ్డాను కానీ నా ప్రాణమంతా చెవుల్లోనే ఉంది. అవతల అక్క వాళ్ళాయన ఎత్తినట్టున్నాడు.

"నేను రావడం లేదు" అన్నాడు లెస్టర్. "ఇక్కడ అన్నీ నిద్రపోతున్నాయి. అవి లేచేలోపల ఈ పని ఎవరో ఒకరు చెయ్యాలి."

అవతల ఏదో గట్టిగా అడుగుతున్నారు. లెస్టర్ వింటూ వింటూ, ఫోను చుట్టూ చెయ్యి అడ్డం పెట్టి, మా కిటికీ బయటి చీకట్లోకి చూసి, "కాస్త మెల్లిగా మాట్లాడు" అన్నాడు.