పడవ ముడి

"ఇవాళ ఇస్టేజీ మీద అమ్మ కుర్చీలో మా అక్క కూర్చుంటాది. నీకెలాగూ వంట ఉంటాది కదా," అన్నాడు గణేశ్వరరావు, గడ్డం గీసుకుంటూ, అద్దంలోకి చూస్తూ.

అద్దంలోంచి మాట్లాడే మొగుడికి ఎదురు చెప్పడం కష్టం. మొహం మనవైపే ఉన్నట్టుంటుంది గాని, ఆయన చూసుకునేది తన్ను తానే. పద్మిని అప్పుడు కూతురు ధరణి మెడకి స్కూలు టై కడుతోంది. చేతులు ఆగలేదు. పన్నెండేళ్ళుగా రోజూ కడుతున్న ముడి. మనిషి నిద్దట్లో ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ధరణి గడ్డం పైకెత్తి పైకప్పు రేకులు చూస్తోంది, తండ్రి మాట తనకి వినపడనట్టే. పదిహేడేళ్ళ పిల్లకి ఆ విద్య బాగా వచ్చు. అమ్మ దగ్గరే నేర్చుకుంది.

ఆ ముడి సంగతి ముందు చెప్పాలి. అది బడి పిల్లలు వేసుకునే ముడి కాదు. పద్మిని తండ్రి కొండబాబు జంగ్లీఘాట్‌లో చిన్న పడవ మీద చేపల వేటకెళ్ళేవాడు. పడవని జెట్టీకి కట్టే ముడి అది. ఓసారి తుఫానుకి పడవ కొట్టుకుపోతే, ముడి ఊడలేదు సరికదా, జెట్టీయే ఊడొచ్చి పడవ వెనకాల దూడలాగ ఈదుకుంటూ వెళ్ళిందని ఆయన ఒట్టు పెట్టి చెప్పేవాడు. జెట్టీ ఈత సంగతి ఆ సముద్రానికే తెలియాలి, ముడి మాత్రం నిజం. పెద్ద కొస పట్టి లాగితే లాగినకొద్దీ బిగుస్తుంది. లోపల చిన్న కొస ఒకటి మడతపెట్టి ఉంటుంది. దాన్ని రెండు వేళ్ళతో లాగితే చంటిపిల్ల లాగినా జారిపోతుంది. "ఆ చిన్న కొస ఎక్కడుందో కట్టినోడికి తప్ప ఇంకొకడికి తెలీకూడదమ్మా," అనేవాడు కొండబాబు. అందుకే ధరణికి టై కట్టేదీ పద్మినే, సాయంత్రం విప్పేదీ పద్మినే.

పోర్ట్ బ్లెయిర్‌లో రహస్యమనేది దాగదు. జంగ్లీఘాట్‌లో ఒకడు తుమ్మితే డిగ్నాబాద్‌లో ఇంకొకడు చిరంజీవ అంటాడు. ఓడెక్కి పక్క దీవిలో దిగినవాడికి, వాడు ఏం పని మీద వచ్చాడో అక్కడి టీకొట్టువాడే చెప్తాడు. అలాంటి ఊళ్ళో, పద్మిని ధరణికి కన్నతల్లి అన్న సంగతి బళ్ళో పన్నెండేళ్ళు దాగింది. ఎలా దాగిందంటారా? అందరికీ తెలుసు కాబట్టి. అందరికీ తెలిసినదాన్ని ఎవరు మాత్రం ఎవరికి చెప్తారు?

గణేశ్వరరావు కల్వర్టుల కాంట్రాక్టరు. ఆయన కట్టించిన కల్వర్టుల కిందనుంచి మేకలు పోతాయి గాని, నీళ్ళు పైనుంచే పోతాయని ఊళ్ళో ఒక మాట. ధరణి ఒకటో క్లాసులో చేరిన యేడు ఆయనకి మేకల కల్వర్టు కూడా దొరకలేదు. బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండే పని ఉందని కబురు తెచ్చిందీ ఆయనే, చేరమన్నదీ ఆయనే. పని కుదిరాక షరతు పెట్టిందీ ఆయనే. "బళ్ళో నువ్వు దానికి అమ్మవని తెలియనక్కర్లేదు. కాంట్రాక్టరు పెళ్ళాం గరిటె తిప్పుతోందంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. అద్దంలో పెట్టుకోండి అని చెప్పొచ్చని పద్మినికి తట్టేసరికి ఆరేళ్ళు పట్టింది. అప్పటికి అడిగినాయన మర్చిపోయాడు.

ఐదేళ్ళ పిల్లకి షరతులు అర్థం కావు. అందుకని పద్మినే దాన్ని ఆటగా మార్చింది. టై కట్టగానే నేను దీదీని, టై విప్పగానే అమ్మని, ఎవరు మర్చిపోతే వాళ్ళు ఓడిపోయినట్టు అంది. ఇక్కడి బళ్ళల్లో వండేవాళ్ళూ ఊడ్చేవాళ్ళూ అందరూ దీదీలే కాబట్టి ఆట సులువే. పిల్ల చప్పట్లు కొట్టింది. తప్పంతా అక్కడే జరిగిందని పద్మినికి తర్వాత చాలాసార్లు అనిపించింది. మొగుడు గోడ కడితే, దానికి సున్నం వేసి బొమ్మలు గీసింది తను. పిల్లలు ఆటలో ఓడిపోవడానికి ఒప్పుకోరు. ధరణి ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఐదో క్లాసులో మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే వంటగదివైపు పరిగెత్తుకొచ్చింది. "అమ్" దాకా వచ్చి ఆ నోరు ఆగింది. గడప దగ్గర నిలబడి, ఊపిరి మింగి, "దీదీ, దెబ్బ తగిలింది," అంది. పద్మిని పసుపు అద్ది గుడ్డ కట్టింది. ఆ మింగిన సగం మాట ఎక్కడికి పోయిందో అని ఏడేళ్ళుగా వెతుకుతూనే ఉంది.

అన్నం లైన్లో కూడా ధరణి నిలబడేది కాదు. దాని స్నేహితురాలు అనీమా, రాంచీవాళ్ళ పిల్ల, రెండు ప్లేట్లు పట్టుకొచ్చేది. రెండోది ఎవరికని పద్మిని అడిగేది కాదు. అందులో ఒక గరిటె ఎక్కువ వేసేది. కన్నతల్లి ప్రేమంటే కొండంత అంటారు. ఆమెది గరిటెడు, అదీ ఇంకో పిల్ల చేతి మీదుగా.

ఆ బళ్ళో ఒక ఆచారం ఉంది. పన్నెండో క్లాసువాళ్ళని సాగనంపే రోజున, ఒక్కొక్క పిల్లా ఇస్టేజీ ఎక్కి ఒక్క జ్ఞాపకం చెప్పాలి. చెప్పాక, వాళ్ళమ్మ వచ్చి మెడలో టై విప్పి ఇంటికి తీసుకెళ్ళాలి. అంతటితో బడి అయిపోయినట్టు. అందుకే అమ్మ కుర్చీ. అందుకే గణేశ్వరరావు అక్క బేబీరాణి పొద్దున్నే పట్టుచీర కట్టుకుని ఆటోలో దిగింది. "నీకు శ్రమెందుకు పద్మినీ, నేను చూసుకుంటాలే," అంది, పాపం, శ్రమంతా తనదే అయినట్టు.

పద్మిని పొద్దుటినుంచి పూరీలు వత్తుతూనే ఉంది. వంటగది కిటికీకి అవతలే హాలు. మధ్యలో మాస్టర్లకి చాయ్, ముఖ్య అతిథికి కొబ్బరి నీళ్ళు, ఎవరో పిల్ల కంగారుకి కక్కుకుంటే అది కడగడం. క్లాసు టీచరు మధులత మేడం వంటగదిలోకి వచ్చి ఒకసారి ఆమె భుజం మీద చెయ్యేసింది. మేడం ఇల్లు వీళ్ళింటికి రెండిళ్ళ అవతలే. "ఏం చేస్తాం పద్మినీ, మగాళ్ళ పరువు," అంది. ఆ తర్వాత, గ్రూపు ఫొటోకి పిల్లలు వరసగా నిలబడ్డప్పుడు, నీళ్ళ బిందెతో దాటుతున్న పద్మినిని ఫొటో తీసేవాడు దీదీ, కొంచెం పక్కకి అన్నాడు. పన్నెండేళ్ళుగా, పన్నెండు ఫొటోలకీ ఇలాగే పక్కకి జరిగింది ఆమె. ఆ ఫొటోలన్నీ ఒకచోట పేరిస్తే, పక్కన ఖాళీగా కనపడేదే పద్మిని.

పిల్లలు జ్ఞాపకాలు చెప్పడం మొదలెట్టారు. నూనె చిటపటల్లో సగం వినిపిస్తోంది. చక్రి వాళ్ళ నాన్న ఓడలో పని చేస్తాడు. వాడు మూడో క్లాసులో ఉండగా సముద్రం బాగోక ఓడ రోజుల తరబడి రాలేదు. అప్పుడు దీదీ తనని వంటగదిలో కూర్చోబెట్టుకుని రెండోసారి అన్నం పెట్టిందని, మిగిలింది కాకులకి పోతుంది నువ్వే కాకివి అనుకో అందని చెప్పాడు. అందరూ నవ్వారు. అనీమా వచ్చి, ఆరో క్లాసులో ఒకరోజు దీదీ తన చున్నీ తీసి నా నడుముకి కట్టింది, ఎందుకో ఆడపిల్లలకి తెలుసు, మగపిల్లలకి అక్కర్లేదు అంది. మళ్ళీ నవ్వులు. ఆ తర్వాత ఇంకో పిల్ల, ఇంకో పిల్ల. ఒకరికి పేలు దువ్విన దీదీ, ఒకరికి పరీక్ష రోజు జ్వరం చూసిన దీదీ. పద్మిని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక పూరీ మాడి బొగ్గయింది. ఇంతమందికి ఇంత చేసిందా తను? సంతోషం కలగాలి. కలగలేదు. ఎందుకంటే లోకంలో ఒక్క పిల్ల దగ్గర మాత్రం ఇలాంటి జ్ఞాపకం ఉండే వీల్లేదు, ఆ పిల్ల వంటగది గడప దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు కనుక.

ధరణి వంతు వచ్చింది. పద్మిని పొయ్యి తగ్గించింది.

"రోజూ పొద్దున్న మా అమ్మ నాకు టై కడుతుంది. సాయంత్రం విప్పుతుంది. నా బడి అంతా ఆ రెండింటి మధ్యలోనే ఉంది," అంది ధరణి హిందీలో, తల దించుకుని. అంతే. ఇంకేం చెప్పలేదు.

హాలంతా అమ్మ కుర్చీవైపు తిరిగింది. అక్కడ బేబీరాణి కొంగు సర్దుకుని నవ్వింది. చప్పట్లు కొట్టారు.

పిల్ల దొంగచాటుగా పంపిన మాట, దారిలో ఇంకొకరికి చేరిపోయింది. కిటికీ ఊచలు పట్టుకుని చూస్తోంది పద్మిని. బేబీరాణి లేచి ధరణి మెడ మీద చెయ్యి వేసింది. ముడిని అటు చూసింది, ఇటు చూసింది. పెద్ద కొస పట్టి లాగింది. ముడి బిగిసింది. ఇంకాస్త లాగింది. ఇంకాస్త బిగిసింది. ధరణికి దగ్గొచ్చింది. ముందు వరసలో గణేశ్వరరావు పళ్ళ సందునుంచి నెమ్మదిగా, నెమ్మదిగా అంటున్నాడు. జెట్టీని లాక్కుపోయిన ముడి అది, పట్టుచీరకి లొంగుతుందా? రోజూ కట్టేదీ విప్పేదీ ఈవిడేనని ఇప్పుడే విన్న హాలు, ఆ చేతుల్ని చూసి కూడా ఒక్క మాట అనలేదు. ఎవరో మాత్రం కత్తెర తెమ్మన్నారు.

కత్తెర అనగానే ధరణి మైకు పట్టుకుంది. మొహం ఎర్రగా ఉంది. కిటికీవైపు చూసింది.

"దీదీకి వచ్చు," అంది.

పద్మిని చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఇస్టేజీ ఎక్కింది. ధరణి రోజూ సాయంత్రం చేసినట్టే గడ్డం పైకెత్తింది. మెడ మీద ఎర్రటి గీత పడి ఉంది. రెండు వేళ్ళు లోపలికి వెళ్ళాయి, చిన్న కొస దొరికింది, ముడి నీళ్ళలా జారిపోయింది. టై ఆమె చేతిలో ఉంది.

టై విప్పగానే అమ్మ. ఆట అదే కదా. పద్మిని ఒక్క క్షణం కదల్లేదు. ఒక్క క్షణమే, కాని అందులో పన్నెండేళ్ళూ పట్టాయి. ధరణి పెదాలు కదిలాయి. పిల్ల కళ్ళు ముందు వరసలో తండ్రి మొహం దాకా వెళ్ళి వెనక్కొచ్చాయి.

"థాంక్యూ, దీదీ," అంది.

దీదీకి రానిదేముంది అంటూ మధులత మేడం గబగబా చప్పట్లు మొదలెట్టింది. అందరూ కలిశారు. పద్మిని టైని కొంగులో దోపుకుని మెట్లు దిగి వెళ్ళి, మిగిలిన పూరీలు వేసి, అందరికీ వడ్డించి, అండాలు తోమింది. ఏడవలేదు. తోముతూ ఒక సంగతి మాత్రం గమనించింది. గోడ మీద గడియారం నాలుగు కొట్టగానే ప్రిన్సిపాలు బయటికొచ్చి, చాలు దీదీ, టైమైపోయింది, ఇంటికెళ్ళు అన్నాడు. ఆ మాట ఆయన పన్నెండేళ్ళుగా రోజూ అంటున్నాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు.

ఇల్లు చేరేసరికి ఐదయింది. ఈ దీవుల్లో పొద్దు కూడా ఆఫీసు బాబులాంటిది, ఐదు దాటితే కనపడదు. బేబీరాణి మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది, ముడి లాగీ లాగీ వేళ్ళు నొప్పెడుతున్నాయని చెప్తోంది. ధరణి గోడకి ఆనుకుని కింద కూర్చుంది. గణేశ్వరరావు సుర్మాయి చేప ఒకటి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టించాడు.

"అక్క ఇవాళ ఉండిపోతాది. పులుసెట్టు. కాస్త కారంగా," అన్నాడు.

పద్మిని వంటింట్లోకి వెళ్ళలేదు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ లోపలికి తెచ్చుకుని, గది మధ్యలో వేసుకుని, కూర్చుంది. ఇంట్లో వెనక్కి వాలి కూర్చోవడం ఆమెకి అలవాటు లేదు. నడుము కాసేపు నమ్మలేదు.

"ఏటి, వినపడలేదా?"

"వినపడింది," అంది పద్మిని. "అమ్మ కుర్చీలో కూర్చున్నావిడ అదుగో, మంచం మీదుంది. ఆవిడ్ని అడగండి. నేను దీదీని. దీదీ డ్యూటీ నాలుగింటికి అయిపోతాది."

బేబీరాణి కాళ్ళు దగ్గరికి లాక్కుంది. గణేశ్వరరావు అలవాటుగా అద్దంవైపు చూశాడు. అక్కడున్నాయనకీ ఏం తోచినట్టు లేదు. కోపం రావాల్సిన చోట రాలేదు, ఎందుకంటే ఆ మాటలో ఒక్క ముక్క కూడా ఆమెది కాదు. అన్నీ ఆయన పెట్టినవే.

"అమ్మా," అని ధరణి లేచింది. "నేను పెడతానే పులుసు."

వంటింటివైపు రెండడుగులు వేసిన పిల్లని పద్మిని చెయ్యి పట్టుకుని ఆపింది. ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ చేతులు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు, తనవి చూసుకుంటే చాలు.

"నువ్వెళ్ళకు. ఆటలో ఓడిపోయింది నువ్వు కాదు."

వంటింట్లో డబ్బాల మూతలు ఒకదాని తర్వాత ఒకటి చప్పుడు చేస్తున్నాయి. బియ్యం ఎందులో ఉంటాయని గణేశ్వరరావు గొంతు అడిగింది. పద్మిని కొంగులోంచి నలిగిన టై తీసి మోకాలి మీద సాపు చేసింది.

"ఇలా రా," అంది కూతురితో. "చిన్న కొస ఎక్కడుంటాదో చూపిస్తాను."