నేల రాలిన కాఫీ పండు

యోర్లాదిస్‌కి పెళ్లై ఇరవై రెండు రోజులు. అందులో పదిహేను రోజులు మందుపాతరలు తీయడం నేర్పే శిబిరంలోనే గడిచిపోయాయి. "మా ఆవిడ నాకంటే మట్టినే ఎక్కువ సుతారంగా ముట్టుకుంటుంది" అని ఆర్బెయ్ కనబడిన వాళ్లందరికీ చెప్పేవాడు. వింటే ఆమెకు నవ్వాగేది కాదు.

ఆ శనివారం మాత్రం నవ్వు రాలేదు. పరీక్ష తప్పింది.

తాళ్లు కట్టిన మీటరు వెడల్పు దారి. మోకాళ్ల మీద కూర్చుని ముందు అడ్డంగా ఎర్ర కర్ర పెట్టుకోవాలి. కర్రకు ఇవతలిది వెతికిన నేల, అవతలిది వెతకనిది. లోహాన్ని పసిగట్టే యంత్రం తిప్పి చూసి, అది కూయకపోతేనే కర్రను జానెడు ముందుకు జరపాలి. శిక్షణ కోసం పాతిన ఉత్తుత్తి పాతరలు మూడింటినీ యోర్లాదిస్ పట్టేసింది. ఇంకో మీటరు ఉందనగా, కర్రకు అవతల ఎర్రగా నిగనిగలాడుతూ ఓ కాఫీ పండు కనిపించింది. తీసి జేబులో వేసుకుంది.

విజిల్ మోగింది.

"జేబులో ఏంటది?" అంది నేర్పించే నూబియా. శిబిరంలో అందరూ ఆమెను మర్యాదగా దోన్యా అని పిలుస్తారు.

"పండు, దోన్యా నూబియా. నేలమీద వదిలేస్తే పురుగు పట్టి తోటంతా పాకుతుంది కదా."

"ఇది తోట కాదమ్మాయ్. నీ చెయ్యి కర్ర దాటింది. నిజం పాతరైతే నువ్వు ఇంకో చేత్తో జేబు వెతుక్కునేదానివి. సోమవారం మళ్లీ రా. అదే ఆఖరు."

కాఫీ కొండల్లో పుట్టిన పిల్లకి రాలిన పండు ఏరడం ఎవరూ నేర్పరు. నడక వచ్చేసరికే అదీ వచ్చేస్తుంది. కానీ సోమవారం కూడా తప్పితే పాతరలు తీసే జట్టులో చోటుండదు. జట్టు వచ్చే నెల దిగేది లాస్ పావాస్ కొండవాలులోకి. ఆర్బెయ్ వాళ్ల తోట అక్కడే ఉంది. పాతరల భయానికి పద్నాలుగేళ్లుగా అందులో మనిషి అడుగు పడలేదు. ఆ నేలను తన చేత్తో శుభ్రం చేసి అత్తగారికి ఇవ్వాలన్నది యోర్లాదిస్ పట్టుదల.

సంగతంతా విని ఆర్బెయ్ పక్కింటికి వెళ్లి బేసిన్ నిండా కాఫీ పండ్లు తెచ్చి వాకిట్లో గుమ్మరించాడు.

"కోళ్ల గూటి దాకా వెళ్లిరా. ఒక్కటి కూడా ఏరకూడదు. ఏరితే ముద్దు జరిమానా."

"అయితే అన్నీ ఏరేస్తా."

"ఆగు, ఆగు. ఏరకపోతేనే ముద్దు."

అలికిడికి అత్తగారు ఓతీలియా బయటికొచ్చింది. "ఇదేం పాడు బుద్ధిరా, బంగారంలాంటి పండ్లు నేలపాలు చేశారు" అంటూ వంగబోయింది.

"అత్తయ్యా, ముట్టుకోకండి. నా ఉద్యోగం పోతుంది."

ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అలా నిలబడటం ఆవిడకూ కష్టంగానే ఉంది. ఆదివారం సాయంత్రానికి మాత్రం ఆవిడే గరిటె పట్టుకుని గుమ్మంలో కాపలా కూర్చుంది. కోడలి వేలు కదిలితే చాలు, "చెయ్యి" అని గరిటె ఝళిపించేది. మధ్యమధ్య బెల్లం నీళ్లు కాచి ఇచ్చేది. ఇంత సుఖమైన శిక్ష లోకంలో ఇంకెవరికైనా దొరికి ఉంటుందా అనుకుంది యోర్లాదిస్.

సోమవారం పొద్దున దారి మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని ముందుకు చూసింది. పొడవునా కాఫీ పండ్లే. నూబియా ఎటో చూస్తూ విజిల్ తుడుచుకుంటోంది.

వేళ్లు జివ్వుమన్నాయి. చెవిలో గరిటె ఝళిపించినట్టైంది. ఎడమ చేతిని మోకాలి కింద నొక్కిపెట్టింది. యంత్రం తిప్పింది, కూత లేదు. కర్ర జరిపింది. పండు ఇప్పుడు కర్రకు ఇవతలికి వచ్చింది. అప్పుడు తీసి జేబులో వేసుకుంది. విజిల్ మోగలేదు.

ఏరొద్దని ఎవరూ అనలేదు. ముందు వెతకమన్నారు, అంతే. ఆ మాట బుర్రకెక్కగానే ఆమె భుజాలు తేలికపడ్డాయి.

ఏడో పండు మీదికి రాగానే యంత్రం కూసింది. పండును అలాగే వదిలి, జానెడు ఇవతలి నుంచి మట్టిని పొడిపొడిగా తీసుకుంటూ వెళ్లింది. సరిగ్గా పండు కిందే ఉత్తుత్తి పాతర రేకు డబ్బా అంచు తగిలింది.

దారి చివర లేచి నూబియా వైపు తిరిగింది. "ఆ పండు అక్కడ ఎవరు పెట్టారు, దోన్యా?"

"నేనే. నాకు ఈ పరీక్ష జామపండుతో పెట్టారు. రెండుసార్లు తప్పాను. నేర్పినావిడ మూడోసారి కూర్చోబెట్టింది. అప్పుడు కడుపునిండా తిట్టుకున్నా. ఇప్పుడు ప్రతి క్రిస్మస్‌కి ఆవిడకి ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెస్ మోసుకెళ్తున్నా." కాగితం మీద సంతకం చేసి చేతికిచ్చింది. "ఫో, అక్కడ మీ ఆయన ఆత్రంతో కంచె విరగ్గొట్టేలా ఉన్నాడు."

"మీకు నేను కాఫీ తెస్తాను. లాస్ పావాస్ కాఫీ. మొక్కలు నాటి కాపుకొచ్చేసరికి మూడేళ్లు పడుతుంది మరి."

"ఆగుతాలే" అంది నూబియా. మొహం పక్కకి తిప్పుకుంది.

కంచె దగ్గర యోర్లాదిస్ జేబులోంచి పండ్లన్నీ తీసి ఆర్బెయ్ దోసిట్లో పోసింది.

"ఇన్ని ఏరావా?" అన్నాడు, ముఖం పాలిపోయి.

"ఏరాను. వెతికాకే. ఇవి విత్తనానికి దాచమని అత్తయ్యకివ్వు."