మూడోసారి ‘ఉంది’

నేను ఒక టెస్టర్‌ని. జానెడు పొడవు కూడా ఉండను. ముందు స్క్రూడ్రైవర్ మూతి, వెనక ఇత్తడి టోపీ, మధ్యలో పసుపుపచ్చ ప్లాస్టిక్ ఒంట్లో వడ్లగింజంత బల్బు, ఇదీ నా రూపం. మీ ఇంట్లోనూ నా చుట్టమొకడు ఉండే ఉంటాడు, కుట్టుమిషను సొరుగులో వెతకండి. నాకు వచ్చిన మాటలు రెండే రెండు. వెలిగితే కరెంటు ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. ఆ రెండు మాటలు నమ్మి మనుషులు తీగల మీద చెయ్యి వేస్తారు. అంత నమ్మే వస్తువుని కొట్లో కొనేటప్పుడు మాత్రం మొక్కజొన్న కంకి కొన్నంతసేపు కూడా తిప్పి చూడరు.

నేను పుట్టింది ఓ రేకుల షెడ్డులో. పదిమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, ఒకరు బల్బు వేసి, ఒకరు స్ప్రింగు నొక్కి, ఒకరు టోపీ బిగించారు. చివర కూర్చున్నామె నన్ను ప్లగ్గులో పెట్టి, వెలిగాక ‘ఊఁ’ అని డబ్బాలో పడేసింది. నా మొదటి వెలుగు చూసింది ఆవిడే.

మండపేటలో నన్ను కొన్నది విశ్వపతి గారని బ్యాంకు ఉద్యోగి. నాలుగేళ్లు ఆయనింట్లో ఉండి నేను చేయని చాకిరీ లేదు. రంగు డబ్బాల మూతలు లేపాను, కుంకుడుకాయల పిక్కలు తీశాను, ఒకసారి పెళ్లిపీటకి మేకు కూడా కొట్టాను. కరెంటు ముఖం చూసింది ఒక్కసారే. ఫ్యాను రెగ్యులేటరు పాడైతే ఆయన నా నడుం పట్టుకుని తీగకి ఆనించి, వెలగలేదని చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే మంచమ్మీద పడ్డాడు. అదృష్టం బాగుండి లేచాడు. లేవగానే నన్ను పనికిమాలినదని తిట్టి చెత్తబుట్టలోకి విసిరేశాడు.

రెగ్యులేటరు బాగుచేయడానికి వచ్చిన తాతారావు మాస్టారు ఆ బుట్టలోంచి నన్ను తీసి, టోపీ మీద వేలు పెట్టి, ప్లగ్గులో ఆనించాడు. నేను భగ్గున వెలిగాను. “దీని తప్పేం లేదండి. దీని నెత్తిమీద తమరు వేలు పెట్టలేదు, అంతే,” అన్నాడు. విశ్వపతి గారు మొహం గంటు పెట్టుకుని, కావాలంటే నువ్వే తీసుకుపో అన్నారు. అలా నేను మాస్టారి చొక్కా జేబులోకి చేరాను.

ఆ వేలు సంగతి మీకు చెప్పాలి. నన్ను పట్టుకున్న మనిషి వేలు నా టోపీకి తగిలితేనే నేను వెలుగుతాను. తీగలోని కరెంటు నాలోకి వచ్చి, మనిషికి చీమ పాకినట్టయినా తెలియనంత సన్నంగా ఆ ఒంట్లోంచి నేలకి దిగుతుంది. అంటే నేను నా అంతట నేను వెలగను, ఆ మనిషీ నేనూ కలిస్తేనే వెలుగు. మాస్టారితో అలా ఎన్ని వేలసార్లు కలిశానో లెక్కలేదు. ఆ వేలి చర్మం గరుకుతనం నాకు నా ఇత్తడి కంటే బాగా తెలుసు.

మాస్టారి మాట మెత్తన, పని దగ్గర మాత్రం మహా చాదస్తం. ఏ తీగనైనా ముట్టుకునే ముందు మూడుసార్లు చూడాలనేవాడు. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట నన్ను పెట్టి, “ఉంది” అని పైకి అనాలి. తర్వాత పని చేయాల్సిన చోట పెట్టి, “లేదు” అనాలి. అక్కడితో అయిపోలేదు. మళ్లీ మొదటి చోటికి వచ్చి, “ఉంది” అనాలి. ఎందుకంటే నడుమ నా బల్బు చచ్చిపోయిందేమో ఎవరికి తెలుసు? ఆ మూడో మాట వినపడేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. జనం నవ్వేవారు. నాకు మొదట్లో కాస్త కష్టంగానే ఉండేది, నన్ను ఇంతలా అనుమానించాలా అని. పోనుపోను తెలిసింది, అది నా మీద అనుమానం కాదు, పక్కవాడి ప్రాణం మీద మమకారం.

ఆ చాదస్తాన్ని చదువులా నేర్చుకున్నది నూకరత్నం ఒక్కతే. మోటార్లకి తీగ చుట్టే షాపులో పనిచేస్తూ, ఈ పని కూడా నేర్పండని మాస్టారి వెంటపడింది. పరీక్ష రాసి వైర్‌మ్యాన్ పర్మిట్ తెచ్చుకుంది. పనికి దిగేముందు గాజులు తీసి మేకుకి తగిలించేది. మాస్టారి నోట మూడో మాట వినేదాకా చేతులు కట్టుకుని నిలబడేది. అలా ఇద్దరూ ఏడేళ్లు చేశారు.

ఆ తర్వాత మాస్టారిలో ఏదో తేడా వచ్చింది. నన్ను తీగకి ఆనించి, అరచెయ్యి గొడుగులా కప్పి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగేవాడు. ఎండ ఎక్కువగా ఉందనేవాడు. కొన్నాళ్లకి, “దీనికి వయసైపోయిందమ్మా, సరిగ్గా ఎలగట్లేదు,” అని రత్నానికి చెప్పాడు. నా ప్రాణం చివుక్కుమంది. నేను రేకుల షెడ్డులో వెలిగినట్టే వెలుగుతున్నాను. మసకబారింది మాస్టారి కళ్లు. ఆ సంగతి మాస్టారికి తెలియదా అంటే, తెలుసు. పైకి అంటే రేపటి నుంచి ఏ మిల్లువాడు పిలుస్తాడు? నలభయ్యేళ్ల పేరు ఏమవుతుంది? మనుషులు పక్కవాడి గాయానికి కట్టు కడతారు, తమ గాయానికి చొక్కా కప్పుతారు.

మార్చిలో ఒక మిట్టమధ్యాహ్నం. రైస్ మిల్లులో ధాన్యం పైకెత్తే మోటారు ఆగిపోయింది. దాని స్టార్టర్ దగ్గర కేబుల్ కాలిపోయింది, మార్చాలి. బయట ధాన్యం లారీలు నిలబడి ఉన్నాయి. గుమాస్తా సూరప్పడు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మాస్టారు మోటారు మెయిన్ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగాడు. రత్నం గాజులు తీసి మేకుకి తగిలించింది.

గోడ మీది ప్లగ్గులో నన్ను పెట్టి మాస్టారు “ఉంది” అన్నాడు. చూసి అనలేదు. అక్కడ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అన్నాడు. నోటికి అలవాటైన మాటకి కళ్లతో పనేముంది? తర్వాత స్టార్టర్ దగ్గరికి వచ్చి, అరచేయి కప్పి, మొదటి తీగకి నన్ను ఆనించాడు.

నేను వెలిగాను. హ్యాండిల్ కిందికి దిగింది గానీ, ఆ పాత స్విచ్ లోపల కరెంటుని కలిపే రాగి కత్తుల్లో ఒకటి విరిగి ఉన్నచోటే ఉండిపోయింది. తీగలో కరెంటు నిండుగా ఉంది. ఆ అరచేతి చీకట్లో నేను ఉన్న శక్తంతా కూడదీసుకుని వెలిగాను. నాకు నోరుంటే అరిచేదాన్ని. మాస్టారు ఒక్క క్షణం చూసి, “లేదు” అన్నాడు.

రత్నం స్పానర్ అందుకుంది. ఇంకా ముట్టుకోలేదు, మూడో మాట రావాలి. మాస్టారు ప్లగ్గు వైపు నడుస్తుంటే సూరప్పడు అడ్డం వచ్చాడు. “ఎన్నిసార్లు చూత్తారండి బాబూ, అవతల లారీలాళ్లు నన్ను పీక్కు తింటన్నారు!”

మాస్టారు అతన్ని పక్కకి తప్పించాడు. నన్ను ప్లగ్గులో పెట్టాడు. ‘ఉంది’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో, రత్నం చెయ్యి తీగలకి దూరంగా ఉందో లేదో చూద్దామని వెనక్కి తిరిగాడు. నిలబడ్డ ఆకారం తెలుస్తోంది గానీ, చెయ్యి ఎక్కడుందో కంటికి ఆనలేదు. మళ్లీ నా వైపు తిరిగి, ఈసారి అలవాటుతో కాకుండా, నిజంగా చూశాడు. చాలాసేపు చూశాడు.

“అమ్మా రత్నం, ఒకసారి ఇటు రా. ఇది ఎలుగుతుందా?”

“ఎలుగుతుందండి మాస్టారూ. ఎర్రగా.”

ఆమెని వెంటపెట్టుకుని స్టార్టర్ దగ్గరికి వెళ్లాడు. ఈసారి అరచెయ్యి కప్పలేదు. “ఇది?”

రత్నం చేతిలోని స్పానర్ మెల్లగా బల్ల మీద పెట్టింది. “ఇదీ ఎలుగుతుందండి,” అంది.

మాస్టారు అక్కడున్న ధాన్యం బస్తా మీద కూలబడ్డాడు. సూరప్పడూ, నలుగురు కూలీలూ చూస్తుండగానే, “నాకు కనపట్టల్లేదమ్మా. ఏడాది నుంచీ కనపట్టల్లేదు. ఇందాకా నిన్ను చంపేసేవోణ్ణి,” అన్నాడు. నలభయ్యేళ్లు కాపాడుకున్న పేరుని ఆ మిల్లులో అలా కింద పెట్టేశాడు. రత్నం నేలమీద కూర్చుని ఆ గరుకు చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “మూడోసారి చూశారు కదండీ. చూడబట్టే కదా నేనున్నాను,” అంది. సూరప్పడు లారీలవాళ్లకి ఆలస్యమవుతుందని చెప్పడానికి బయటికి నడిచాడు.

ఆ రోజు రత్నం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే లైను తీయించి, మూడు మాటలూ తనే అని, కేబుల్ మార్చింది. విరిగిన కత్తిని తీసి సూరప్పడి చేతిలో పెట్టింది. మాస్టారు నన్ను ఆమె చీర మీది పని చొక్కా జేబులో వేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. ఆ రాత్రి కొత్త జేబులో నాకు ఊపిరాడలేదు.

నలభై రోజులకి కాబోలు, మాస్టారు నల్ల కళ్లద్దాలతో రత్నం ఇంటికి వచ్చాడు. కాకినాడలో రెండు కళ్లకీ ఆపరేషను అయిందట. మళ్లీ పనికి ఎప్పుడొస్తారని రత్నం అడిగితే, “ఉండమ్మా, ముందు చూపుని చూసుకోనీ,” అని నన్ను అడిగి తీసుకున్నాడు. కళ్లద్దాలు తీసి, గోడ ప్లగ్గులో పెట్టాడు.

“ఉంది.”

రత్నం స్విచ్ కట్టేసింది.

“లేదు.”

మళ్లీ వేసింది. ఈసారి మాస్టారి కళ్లలో నీళ్లు నిండాయి. డాక్టరు కళ్లు తడవకూడదన్నాడని రత్నం మందలిస్తూ కొంగు అందించింది. మాస్టారు అందుకోలేదు. “ఇంత ఎర్రగా ఎలుగుతావటే నువ్వు! ఏడాదంతా వయసైపోయిందని నిన్ను తిట్టాను,” అన్నాడు నాతో. తర్వాత రత్నం వైపు తిరిగి, ఆమెకి వినపడేలా, “ఉంది” అన్నాడు.

మాస్టారి వేలు నా నెత్తిమీద ఇంకాసేపు అలాగే ఉంది. నేను వెలుగుతూనే ఉన్నాను.