ఎగిరిపోని జీరంగి

పన్ను ఊడొచ్చింది. దవడ మొద్దుబారింది. నోట్లో ఇంత దూది కుక్కి, "గట్టిగా కొరికి పట్టుకో తల్లీ. కాసేపు నోరు తెరవకు" అన్నాడు పళ్ళ డాక్టరు.

అద్దాలక్క తల ఊపింది. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీయడం ఆమె పని. అందుకే పురుగుల ఫోటోల ఆన్‌లైన్ గ్రూపులో అందరూ ఆమెను అలా పిలుస్తారు. ఆ గ్రూపు పెట్టింది ఈ డాక్టరే. వేలమంది సభ్యులు. ఎవరిని చేర్చుకోవాలన్నా, ఎవరి నోరు మూయించాలన్నా మీట నొక్కేది మాత్రం అద్దాలక్క.

"పక్కగది ఫ్రిజ్‌లో ఐసు సంచి ఉంది. తెచ్చుకుని బుగ్గకి ఆనించుకో" అన్నాడాయన, చేతులకు సబ్బు రాసుకుంటూ.

ఫ్రిజ్ తెరిచింది. మందు సీసాలు, సగం తిన్న కేకు, దాని పక్కన ఐసు సంచి మీద ఒక ప్లాస్టిక్ డబ్బా. సంచి లాగితే డబ్బా ఒరిగి మూత ఊడింది.

తూనీగలు, సాలీళ్ళు, కందిరీగలు. కాళ్ళకు సన్నటి తీగలు. రెక్కల మొదట్లో గట్టిపడిన జిగురు, పళ్ళకు వాడేదే. కొన్ని కుళ్ళి, తడితడిగా డబ్బా అడుగుకి అంటుకుపోయాయి. ఆ కంపు నోట్లోని నెత్తురు రుచితో కలిసింది. వాంతి చేసుకుందామన్నా నోటి నిండా దూది.

వాటి మధ్య పచ్చగా మెరుస్తున్న జీరంగి. ఎడమ మీసం సగానికి విరిగి ఉంది. దాన్ని చూడగానే గుర్తుపట్టింది.

గ్రూపులో ఒక ఆనవాయితీ ఉంది. పురుగు ఫోటో పెడితే సరిపోదు. అది తనంతట తాను వెళ్ళిపోయాక ఖాళీగా మిగిలిన ఆకునో కొమ్మనో కూడా తీసి పెట్టాలి. వీడ్కోలు ఫోటో అంటారు దాన్ని. ఈ విరిగిన మీసం జీరంగికి వీడ్కోలు ఫోటో పెట్టి, "స్వేచ్ఛగా పోయింది, నా మనసునీ ఎత్తుకుపోయింది" అని రాశాడు డాక్టరు. జనం గుండె బొమ్మలు గుమ్మరించారు. అద్దాలక్క కూడా ఒకటి వేసింది. ఎత్తుకుపోయిన మనసు ఇదిగో, కేకు పక్కన.

"చూసేశావా?" డాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. ముఖంలో సిగ్గు లేదు, విసుగుంది. "కాళ్ళాడించే పురుగుని అంత స్పష్టంగా ఎవడు తీస్తాడమ్మాయ్? నన్ను పిలిచిన ఎగ్జిబిషన్ వాళ్ళకి కావల్సింది ఫోటో. దాని యోగక్షేమాలు కాదు."

"ఊఁ..."

"మాట్లాడకు, నెత్తురు ఆగదు. ఆ దర్జీ సంగతి ఎత్తబోతున్నావు, అంతేగా?"

దర్జీ సంగతే. గ్రూపులో అతనూ సభ్యుడే. ఏడాది క్రితం ఒక తూనీగను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, మత్తుగా ఉండగా ఫోటో తీశాడు. అది తేరుకుని ఎగిరిపోయింది. వీడ్కోలు ఫోటో పెడుతూ తనే చెప్పేశాడు, తప్పయిపోయిందని. డాక్టరు "హంతకుడు" అని ఒక్క మాట రాశాడు. ఇక జనం మీద పడ్డారు. షాపు అడ్రసు పట్టుకున్నారు. పిల్లల్ని కూడా వదల్లేదు. డాక్టరు జీవితాంతం వెలి అన్నాడు, అద్దాలక్క మీట నొక్కింది. "అక్కా, ఇంకా ఎన్నాళ్ళు?" అని అతను అప్పుడప్పుడూ అడుగుతూనే ఉన్నాడు.

"వాడికీ నాకూ పోలికేంటి?" అన్నాడు డాక్టరు. "వేలమందికి నేర్పినవాణ్ణి. మనమంతా ఒక కుటుంబం. మనలో మనం క్షమించుకోకపోతే ఎలా? నువ్వేం చూడలేదు. ఎగ్జిబిషన్‌లో నీ ఫోటో కూడా పెట్టిస్తాలే." చెంప మీద తట్టాడు. మొద్దుబారిన చెంప కాబట్టి ఆ స్పర్శ తెలియలేదు. తెలియనందుకు ఆమె సంతోషించింది.

ఫోన్ తీసి డబ్బాని ఫోటో తీసింది.

"ఏయ్! ఏంటది? ఇలా ఇవ్వు!"

అప్పటికే ఆమె మెట్లు దిగుతోంది.

బస్టాపులో నిలబడి రెండు ఫోటోలూ గ్రూపులో పక్కపక్కన పెట్టింది: డాక్టరు తీసిన ఆకు మీది జీరంగి, తను తీసిన డబ్బాలో జీరంగి. ఎక్కడ చూసిందో రాసింది, అంతే. జవాబులు క్షణాల్లో దిగాయి.

"పెద్దవాళ్ళకి పొరపాట్లు సహజం సార్, మేమున్నాం."

"కళ కోసం చచ్చింది. పుణ్యం చేసుకున్న పురుగు!"

"అద్దాలక్కకి కుళ్ళు."

దర్జీని ఉరి తీయమన్న పేర్లే ఇవన్నీ. ఇప్పుడు దండాలు పెడుతున్నాయి.

బస్సు ఎక్కేలోగా ఎగ్జిబిషన్ వాళ్ళు డాక్టరు ఫోటోలు తీసేస్తున్నామని ప్రకటించారు. గాలి మళ్ళింది. దండాలు పెట్టినవాళ్ళే "పళ్ళు పీకేవాడికి ప్రాణం విలువేం తెలుసు" అన్నారు. ఆస్పత్రి అడ్రసు వచ్చేసింది. దాని వెనకే ఆయన కూతురి ఫోటో. దాని కింద రాసిన రాతలు చదివింది అద్దాలక్క. ఆ డబ్బా కంపే నయం.

బస్సు దిగి, దూదిని చెత్తబుట్టలో ఉమ్మి, కూతురి ఫోటో తుడిచేసింది. తర్వాత రాసింది.

"పురుగును మత్తులో పెట్టి, తామే ఒప్పుకున్నవాళ్ళకి నెల రోజులు వెలి. చంపి, అబద్ధమాడినవాళ్ళకి ఏడాది. ఎవరి ఇంటి జోలికైనా, పిల్లల జోలికైనా వెళ్ళినవాళ్ళకీ ఏడాదే, ఆ రోజు వెళ్ళినా ఇవాళ వెళ్ళినా. జీవితాంతం అన్న మాట ఇక లేదు. దర్జీ గారు ఎప్పుడైనా రావచ్చు."

వెంటనే డాక్టరు ఫోను. "నేను పెట్టిన గ్రూపులోంచి నన్నే గెంటేస్తావా?"

"గెంటలేదు డాక్టరు గారూ. ఏడాది తర్వాత రండి." నాలుక మొద్దుగా తిరుగుతోంది.

"ఆ దర్జీగాడి పక్కన నన్ను నిలబెడతావా?"

"పక్కన కాదు. ఆయన మీకన్నా ముందున్నాడు."

ఆయన ఫోను పెట్టేశాడు. ఆమె దర్జీకి ఫోన్ చేసింది. వెనక కుట్టుమిషను చప్పుడు.

"చూశానక్కా. అప్పుడే మెసేజులు, డాక్టర్ని నువ్వూ నాలుగు తిట్టమని. నన్ను తిట్టినవాళ్ళే! నేను వీళ్ళని క్షమించాలా?"

"అక్కర్లేదు."

"మరి మీరు? మీట మీరేగా నొక్కింది."

"నేనే. తప్పు చేశాను."

మిషను ఆగింది. "మిమ్మల్ని కూడా ఇప్పుడే క్షమించడం నావల్ల కాదక్కా."

"సరే."

"ఫోటో మాత్రం పెడతాను."

పెట్టాడు. పేడపురుగు తనకన్నా పెద్ద ఉండను దొర్లిస్తోంది. కింద మొదటి మాట వచ్చి పడింది: "ఛీ! ఇదేం ఫోటో రా బాబూ, అన్నం తినేటప్పుడు!"

అద్దాలక్క వేలు మీట మీదికి పోయింది. మళ్ళీ చదివింది. తిట్టింది ఫోటోని, మనిషిని కాదు. ఉండనిచ్చింది.