పొరలో చిల్లు

దీపపు బల్ల మీద పరిచిన పొరను ఆమె మునివేళ్లతో సరిచేసింది. వెంట్రుక కన్నా సన్నటి పొర. తెల్లని చేతి తొడుగుల కింద ఉల్లిపొరలా వణికింది. కింద నుంచి వెలుతురు వస్తుంటే ఆ చివరి నుంచి ఈ చివరికి చూపు నడిపించడం ఆమె పని. సూదిమొనంత చిల్లు కనబడినా ఆ ముక్క పక్కకు పోవలసిందే. పంతొమ్మిదేళ్లుగా ఇదే. ఫ్యాక్టరీలో ఆమె పేరు డేగకన్ను అక్క.

చదివింది పదో తరగతే అయినా, కొత్తగా ఎవరు చేరినా పొర సంగతి ఆమే చెప్పేది.

"ఫ్యూయల్ సెల్ అంటే కరెంటు పుట్టించే పెట్టె. అందులో ఇటు హైడ్రోజన్, అటు గాలి, మధ్యలో ఇది. హైడ్రోజన్‌లోంచి విడిపోయిన ప్రోటాన్‌ని రానిస్తుంది, అదీ తడిగా ఉంటేనే. ఎలక్ట్రాన్‌ని మాత్రం పొమ్మంటుంది. పాపం, అది బయట తీగంతా చుట్టి రావాలి. ఆ తిరుగుడే మనకి కరెంటు! అవతల అన్నీ కలిస్తే నీళ్లు."

"మరి చిల్లు పడితే?" అంటే ఆమె ముఖంలో నవ్వు మాయమయ్యేది. "రెండు వాయువులూ కలిసిపోతాయి. పొర కాలిపోతుంది."

ఆ రోజు భోజనాలయ్యాక సూపర్‌వైజరు ఒక ముక్క పట్టుకొచ్చాడు. దాని అట్ట మీద, సరిచూసినట్టు ఆమె వేసిన ముద్ర ఉంది.

"నమూనాకి తీసిన ఈ ముక్క లీకవుతోందక్కా. పరీక్ష మెషీనే ఏదో తిక్కగా చేస్తున్నట్టుంది."

ఆమె దాన్ని బల్ల మీద పరిచి వెతికింది. ఏమీ కనబడలేదు. భూతద్దం పెడితే మూలన చుక్క మెరిసింది.

"మెషీన్ బాగానే ఉంది తమ్ముడూ. నా ఎడమ కన్నే మసకేస్తోంది. మూడు నెలలైంది. భయమేసి చెప్పలేదు."

"మెల్లగా అను! నేను సర్దేస్తాలే."

"ఏం సర్దుతావు? ఇవి ఆసుపత్రికి కరెంటిచ్చే యంత్రాల్లోకి పోతాయి. ఈ మూడు నెలల సరుకూ వెనక్కి తెప్పించు."

"అలా రాసిస్తే నిన్ను ఇక్కడ ఉంచరక్కా."

"తెలుసు. కాగితం ఇలా ఇవ్వు."

సాయంత్రానికి గోదాములో ఉన్న నాలుగు పెట్టెలు విప్పి చూశారు. మరో రెండు చిల్లులు దొరికాయి. బయటికి వెళ్లిన సరుకు కోసం లారీ బయల్దేరిందని విన్నాక గానీ ఆమె తన కుర్చీలోంచి లేవలేదు. గేటు దగ్గర ఎప్పటిలాగే "వస్తా" అంది. రేపు రాదని కాపలా మనిషికి తెలియదు.

మర్నాడు సూపర్‌వైజరు ఫ్యాక్టరీలోని ఆమె బీరువా తెరిస్తే, పని గదిలో తొడుక్కోవడానికి పాత దుప్పటి ముక్కలతో ఆమె కుట్టుకున్న మెత్తటి చెప్పులు, మడమల దగ్గర అరిగి, ఒకదాని పక్కన ఒకటి సర్ది ఉన్నాయి.