సంచిలో దాచిన చెవి

నేను ఒక చెవి మిషన్‌ను. చెవి వెనక చిక్కుడు గింజలా కూర్చుని, చుట్టుపక్కల మాటల్ని పెంచి లోపలికి పంపడం నా పని. పుట్టింది ఎక్కడో సముద్రాల అవతలి ఫ్యాక్టరీలో. తెలుగు విన్నది హనుమకొండలో. నా మొదటి యజమాని రిటైరైన వకీలు రంగారావు గారు. కోర్టు కబుర్లు చెప్పే స్నేహితులు వస్తే నన్ను పెట్టుకునేవారు. భార్య ఇంటి సంగతి ఎత్తగానే చెవి గోక్కున్నట్టు నటించి ఆపేసేవారు. చెవుడు చాలా రకాలని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన పోయాక ఆ ఇల్లాలు నన్ను చెవి డాక్టరుకు అప్పగించి, "చదువుకునే పిల్లలెవరికన్నా ఇయ్యుండ్రి" అంది. అలా రేణుక దగ్గరికి వచ్చాను.

రేణుక బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. చిన్ననాటి జ్వరం ఒక చెవిని పూర్తిగా, రెండోదాన్ని సగం తీసుకుపోయింది. నేను వినిపించేది కొంత, ఎదుటివాళ్ల పెదవులు చూసి పట్టుకునేది కొంత. రెండూ కలిస్తేనే ఆమెకు మాట పూర్తయ్యేది.

ఆ ఏడు కాలేజీలో ఉద్యోగ మేళా పెట్టారు. ఒక పెద్ద కంపెనీ స్టాలు మీద 'అందరికీ సమాన అవకాశం' అన్న బ్యానరు, దాని మీద చక్రాల కుర్చీలో నవ్వుతున్న కుర్రవాడి బొమ్మ. రేణుక ఆ బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత జుట్టు బిగించి జడ వేసుకుంది. నేను అందరికీ కనబడేలా.

ఇంటర్వ్యూ గదిలో కూర్చున్న ఆయన ఆమె మొహం చూడలేదు, నన్నే చూశాడు. పసిపిల్లతో మాట్లాడినట్టు ఒక్కో మాటా అరిచి అడిగాడు. అడిగినవాటన్నిటికీ రేణుక సరిగానే జవాబు చెప్పింది. ఆమె లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసేసరికి, ఆయన పక్కనున్నవాడితో గొంతు తగ్గించి అంటున్నాడు. "బ్యానర్ మీదికి బాగానే ఉంటారు. ఆఫీసులో ఎక్కడ కూర్చోబెడతాం?"

వినిపించడమే నా పని. ఏది వినిపించాలో ఎంచుకునే వీలు నాకు లేదు. ఆ మాటను ఉన్నదున్నట్టు ఆమె చెవిలో వేశాను.

హాస్టల్లో ఆమె గది స్నేహితురాలు నస్రీన్. నాలుగు రోజులు రేణుకను ఏడవనిచ్చి, ఐదో రోజు ఒక కబురు తెచ్చింది. వరంగల్‌లో ఒక విత్తనాల కంపెనీకి లెక్కలు చూసే మనిషి కావాలట.

"మా ఖాలా బిడ్డ, నాకు చెల్లెలైతది, ఆడనే చేస్తది. పోలియో కాలు ఆమెది. మెట్లెక్కలేదని మేడం ఆమె టేబులే కిందికి దింపించిందట. బ్యానర్లు చూసి కాదే, లోపల పనిచేసేటోళ్లను అడిగి తెలుసుకోవాలె. మిషన్ పెట్టుకొనే పో."

"అందరూ ముంగట మంచిగనే ఉంటరు" అంది రేణుక.

ఆ ఆఫీసు గుమ్మం ముందు ఆమె ఆగింది. జడ విప్పింది. నన్ను తీసి సంచిలో రుమాలు కింద పెట్టింది. ఆపడం మరిచిపోయింది. అందుకే ఆ గదిలో జరిగిందంతా నేను విన్నాను, ఆమె వినలేదు.

మేడం పేరు సులోచన. నెమ్మదైన గొంతు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. ఆమె తల వంచి రేణుక కాగితాలు తిరగేస్తూనే మాట్లాడుతోందని గొంతును బట్టి తెలుస్తోంది.

"మీకోసం మేం ఏమన్న ఏర్పాటు చెయ్యాల్నా? మొహమాటపడకుండా చెప్పుండ్రి."

రేణుక జీతం సంగతి అనుకుంది. "మీ ఇష్టం మేడం, ఎంతిచ్చినా సరే" అంది.

కాగితం తిప్పిన చప్పుడైంది. సులోచన మళ్లీ అడిగింది. రేణుక ఈసారి తన ఊరి పేరు చెప్పింది. రుమాలు కింద నేను ప్రతి మాటనూ పెంచుతూనే ఉన్నాను. అందుకునే చెవి లేదు. "సరేనమ్మా, తర్వాత చెప్తం" అంది సులోచన.

రేణుక నన్ను తీసి సంచిలో పెట్టిందని విని నస్రీన్ తల పట్టుకుంది. "మళ్ల పో. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అని వారం రోజులు పోరింది. చివరికి రేణుక నన్ను పెట్టుకుని వెళ్లి చెప్పింది.

సులోచన లేచి ఫ్యాను ఆపేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, మొహం ఎదురుగా పెట్టి, నెమ్మదిగా అంది. "మొన్ననే ఇంకొకామెకు మాటిచ్చిన బిడ్డా. నువ్వు మాట మీద ధ్యాస లేని పిల్లవనుకున్న. నేనన్నా తలెత్తి మాట్లాడలేదాయె."

రేణుకకు ప్రతి మాటా వినబడింది. అంత తేటగా ఆమెతో ఎవరూ మాట్లాడి ఉండరు.

తర్వాత ఆమె ఒక బట్టల దుకాణం లెక్కల గదిలో చేరింది. జుట్టు విరబోసుకుని నన్ను కప్పేసేది కాబట్టి అక్కడ నా సంగతి ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం అందరూ కలిసి తినేటప్పుడు మాటలు ఒకదానిమీద ఒకటి పడి నా దగ్గర గందరగోళమయ్యేవి. అందరూ నవ్వినప్పుడు ఆమె కూడా నవ్వేది. "కొంచెం ఇటు తిరిగి చెప్పుండ్రి" అన్న ఒక్క మాట ఆమె నోట వస్తుందేమోనని రోజూ ఎదురుచూశాను. రాలేదు.

జుట్టు కింద చెమటకు నాలోని తీగలు తుప్పు పట్టాయి. ఆమె నన్ను చెవి మిషన్ల దుకాణానికి తీసుకెళ్లింది. దుకాణదారు చూసి, పనికిరాదని పాత మిషన్ల డబ్బా ముందుకు లాగాడు. నన్ను అందులో వేసే ముందు బ్యాటరీ తీయబోతుంటే, రేణుక కౌంటరు మీదికి వంగి మెల్లగా అడిగింది.

"అన్నా, బయటికి అస్సలు కనబడనిది ఉన్నదా?"

నేను విన్న చివరి మాట అదే.