పట్టా కోసం జాగా

వెంకటనర్సు ఏడో తరగతి పాసయ్యాడు. ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి చెప్తాడు. ఇక దరఖాస్తు రాసే పని పడిందా, ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాదు.

మోత్కూర్‌కు అరగంట దూరంలో, కొత్తగా మున్సిపాలిటీ అయిన ఊళ్లో ఆయన నేతగాడు. కూతురు హారిక యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. దారాలకు ముడులు కట్టి రంగులద్దే చిటికి పనిని తండ్రి కంటిచూపుతో చేస్తాడు, ఆమె దాన్ని లెక్కల్లోకి ఎక్కించింది. ఆ లెక్క ప్రకారం కట్టిన పడుగూ పేకా మగ్గం మీద కలిసి పువ్వు పడాలి. ఇరవయ్యో తారీఖున ప్రొఫెసర్లు వచ్చి కళ్లారా చూస్తారు. పువ్వు కలిస్తే డాక్టరేట్ పట్టా, లేదంటే ఐదేళ్ల చదువు గంగపాలు. ఇంట్లో ఉన్నది ఒక్కటే మగ్గం, దాని మీద సగం నేసిన చీర. రెండో మగ్గం వేద్దామంటే జాగా లేదు.

సరిగ్గా ఆ వారమే చైర్‌పర్సన్ మంజులత మైకు పట్టుకుని, "పరిశోధన చేసే మన పిల్లలకు మున్సిపాలిటీ అండగ ఉంటది" అని ప్రకటించింది. ఆఫీసు వెనక హాలు ఖాళీగానే ఉంది. ఇంకేం, వెంకటనర్సు బిడ్డకైనా చూపించకుండా దరఖాస్తు రాసి ఇచ్చొచ్చాడు.

"నా బిడ్డకు పట్టా రావాలంటే జాగా కావలెను. దయచేసి ఇప్పించగలరు."

పట్టా అంటే తెలియనివాడెవడుంటాడని ఆయన ధీమా. నిజమే, ఒక్కడూ లేడు. ఆ కాగితం తిన్నగా ఇళ్ల స్థలాల కట్టలోకి పోయింది.

ఐదో రోజు సర్వేయర్ బీరన్న టేపు పట్టుకుని ఇంటి ముందు దిగాడు.

"సొంతిల్లు ఉన్నదా?"

ఫైలు కదిలిందన్న సంబరంలో వెంకటనర్సు ఛాతీ విరిచాడు. "లేకేంది సార్! మా తాత కట్టిండు."

"మరి జాగా ఎందుకు?"

"బిడ్డ పట్టా కోసం సార్."

"ఆమె పేరు మీదనా?"

"మరి? చదివింది ఆమెనాయె, నా పేరు మీద ఇస్తరా?"

బీరన్న ఆయన్ని ఎగాదిగా చూసి, గోడలు కొలుచుకుని పోయాడు. పద్దెనిమిదిన జవాబొచ్చింది: "విచారించగా దరఖాస్తుదారునికి సొంత ఇల్లు కలదు. కావున తిరస్కరించడమైనది."

హారిక తల పట్టుకుంది. "బాపూ, పరిశోధన అని ఒక్క ముక్క రాయకపోతివి!"

"ఏడో తరగతి ఎంత పనిచేసె!" అని భార్య గోపమ్మ కసిరింది. హారిక అప్పటికప్పుడు ఉరికి కొత్త దరఖాస్తు ఇస్తే, "వచ్చే మీటింగుల పెడతం" అన్నాడు క్లర్కు. మీటింగు వచ్చే నెల.

పంతొమ్మిది పొద్దున వెంకటనర్సు కత్తెర తీసి తన మగ్గం మీది పడుగు కోశాడు.

"సగం చీర బాపూ!" అని హారిక గొల్లుమంది.

చిటికి పడుగు ఒకసారి కోస్తే, మళ్లీ అతికినా పువ్వు కలవదు. ఆ ముక్క ఆమె కంటే ఆయనకే బాగా తెలుసు. "ముందుగాల నీ పువ్వు కలవని బిడ్డా," అన్నాడు. మొహం తిప్పుకున్నాడు. పగలంతా ముగ్గురూ కూర్చుని ఆమె పడుగు ఎక్కించారు.

ఇరవయ్యిన పువ్వు కలిసింది, రేకకు రేక అతికినట్టు కలిసింది. ప్రొఫెసర్లు శభాషన్నారు. అంతలో శాలువాతో, ఫొటోగ్రాఫర్‌తో మంజులత రానే వచ్చింది.

"స్థానిక సంస్థల సహకారం ఏమైనా ఉందా?" అని పెద్ద ప్రొఫెసర్ తన ఫారం చూసి అడిగాడు.

"అయ్యో, అంత మా అండతోనే సార్! జాగా సుత మేమే చూపిచ్చినం."

అందరూ వెంకటనర్సు వైపు చూశారు. ఫారం మీద ఇంకా సంతకం పడలేదు. ఆయన చేతులు జోడించాడు.

"ఔ సార్. నాకు గీ ఇల్లున్నదని కాయితం మీద రాసిచ్చింది గీ సర్కారే."

మంజులత చప్పట్లు కొట్టింది. ప్రొఫెసర్ "పూర్తి సహకారం" అని రాసి సంతకం పెట్టాడు. ఫొటోకు అందరూ మగ్గం చుట్టూ నిలబడ్డారు. కోసిన సగం చీర అడ్డమొస్తోంది, పక్కకు తీయమన్నాడు ఫొటోగ్రాఫర్. వెంకటనర్సే తీశాడు.